దిగే విమానానికి దీపాలు ఎవరి కోసం?



రాత్రిపూట శంషాబాద్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు మీద వెళ్తున్నప్పుడో, గన్నవరం దగ్గర హైవే మీద బస్సు కిటికీ పక్కన కూర్చున్నప్పుడో ఈ దృశ్యం మీ కంట పడే ఉంటుంది. ఆకాశంలో ఎక్కడో దూరంగా ఒక తెల్లటి వెలుగు. మొదట చుక్కే అనుకుంటాం. కదలదు, ఉన్నచోటే ఉంటుంది. చూస్తూ చూస్తుండగానే పెద్దదవుతుంది, ఒకటి రెండుగా విడిపోతుంది, పక్కన ఎరుపూ ఆకుపచ్చా కనిపిస్తాయి, ఇంతలోనే విమానం మన నెత్తి మీదుగా దాటిపోతుంది. అంత వెలుగు ఎందుకని అడిగితే మనలో చాలామంది చెప్పే జవాబు ఒకటే. చీకట్లో దిగాలి కదండీ, పైలట్‌కి రన్‌వే కనబడొద్దూ అంటాం. ఆ జవాబులో నిజం లేకపోలేదు. కాకపోతే అది చిన్న ముక్క. ఇవాళ నేను మీతో చెప్పదలచుకున్నది మిగతా పెద్ద ముక్క గురించి. దిగే విమానం దీపాలు ముఖ్యంగా పైలట్ చూడడానికి కాదు, ఆ విమానం ఇతరులకు కనబడడానికి. పాతరోజుల్లో ఎడ్లబండి కింద లాంతరు వేలాడదీసేవాళ్లు, గుర్తుందా? ఆ వెలుతురులో బండివాడికి దారి ఏమీ కనిపించేది కాదు. దారి ఎడ్లకు తెలుసు. ఎదురుగా వచ్చే లారీవాడికి బండి ఉందని తెలియాలి, అందుకే ఆ లాంతరు. విమానం రెక్కల కింద వెలిగే దీపాల కథ కూడా చాలావరకు ఇదే.

మరి పైలట్‌కి రన్‌వే ఎలా కనబడుతుంది? అది నేల మీద దీపాల పని. రాత్రి దిగేటప్పుడు కాక్‌పిట్ అద్దంలోంచి చూస్తే రన్‌వే అనే తారురోడ్డు కనబడదు, దీపాల బొమ్మ ఒకటి కనబడుతుంది. ముందు అప్రోచ్ లైట్ల వరస, అది రన్‌వే వైపు వేలెత్తి చూపిస్తుంది. తర్వాత రన్‌వే మొదలయ్యే చోట అడ్డంగా ఆకుపచ్చ దీపాలు. రెండు అంచుల వెంట తెల్లదీపాలు. అవతలి కొసన ఎర్రవి. పెద్ద రన్‌వేలకు నడిమధ్యన కూడా దీపాలుంటాయి. అవి తెల్లగా మొదలై, చివరి 900 మీటర్లలో ఎరుపూ తెలుపూ కలగలిసి, ఆఖరి 300 మీటర్లలో పూర్తిగా ఎర్రబడతాయి. అంటే రన్‌వే ఇంకెంత మిగిలిందో రంగే చెప్పేస్తుంది. వీటన్నిటి పక్కన, మామూలుగా ఎడమవైపున, నాలుగు దీపపు పెట్టెల వరస ఒకటి ఉంటుంది. పైలట్లు దాన్ని పాపీ అంటారు. రెండు తెల్లగా, రెండు ఎర్రగా కనిపిస్తే విమానం సరైన వాలులో దిగుతోందని అర్థం. ఆ వాలు సాధారణంగా 3 డిగ్రీలు. నాలుగూ తెల్లగా ఉంటే మరీ ఎత్తులో ఉన్నావని, నాలుగూ ఎర్రగా ఉంటే ప్రమాదకరంగా కిందికి వచ్చేశావని. గమనించారా, ఇంతసేపూ నేను చెప్పినవన్నీ నేల మీద ఉన్నవే. విమానానికి తగిలించిన దీపం ఊసే రాలేదు.

ఒక చిన్న లెక్క చెబుతాను. కాగితం కలం అక్కర్లేదు, వింటే చాలు. పెద్ద జెట్ విమానం దిగేటప్పుడు గంటకు సుమారు 250 కిలోమీటర్ల వేగంతో వస్తుంది. అంటే సెకనుకు దాదాపు 70 మీటర్లు. విమానం దీపం ఎంత గొప్పదైనా, దాని వెలుగులో నేల మీది వస్తువు 400 మీటర్ల దూరంలో స్పష్టంగా కనిపించిందనుకుందాం. అది చేరుకోవడానికి ఐదారు సెకన్లు. ఆ ఐదారు సెకన్లలో కన్ను చూడాలి, బుర్రకు అర్థం కావాలి, చెయ్యి కదలాలి, ఆపైన ఇంజన్లు పూర్తి బలం అందుకోవాలి. ఆ ఇంజన్లకే కొన్ని సెకన్లు పడుతుంది. కాబట్టి తన దీపం వెలుగులో అడ్డం చూసి తప్పుకోవడమన్నది పెద్ద విమానానికి దాదాపు కుదరని పని. రోడ్డు మీద హెడ్‌లైట్ల అలవాటుతో మనం ఆకాశాన్ని కొలుస్తున్నాం, చిక్కంతా అక్కడే ఉంది.

ఇందుకు ఇంకో రుజువు కూడా ఉంది. 1960ల చివర్లో బోయింగ్ కంపెనీలో కాన్రాడ్ క్రాఫ్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అనుభవజ్ఞులైన పైలట్లను సిమ్యులేటర్‌లో కూర్చోబెట్టి పరీక్షించారు. ముందు అంతా చీకటి, అవతల ఊరి దీపాలు, మధ్యలో విమానాశ్రయం. ఎత్తు చూపే మీటరు చూడకుండా కంటి అంచనాతోనే దిగమన్నారు. చాలామంది తమకు తెలియకుండానే ఉండాల్సిన ఎత్తు కన్నా బాగా కిందికి వచ్చేశారు. అంతా సరిగానే ఉందని వాళ్ల కన్ను చెబుతోంది, నేల మాత్రం దగ్గరకొచ్చేస్తోంది. కటిక చీకటి మీదుగా దిగడం ఇంత మాయ చేస్తుంది. ఆ మాయను విమానం ముందుకు వెలుగు చిమ్మే ల్యాండింగ్ లైటు పోగొట్టలేదు, ఎందుకంటే కిలోమీటర్ల అవతలి చీకటి దాకా దాని వెలుగు పారదు. ఆ పని పాపీది, రేడియో సంకేతాల ఆధారంగా నడిచే పరికరాలది. పైలట్ శిక్షణలో ల్యాండింగ్ లైటు ఆర్పేసి రాత్రి దిగడం కూడా ఒక పాఠం. బల్బు మాడిపోతే ఏం చెయ్యాలో తెలియాలి కదా. ఆ పాఠం ఉందంటేనే, లైటు లేకపోయినా దిగవచ్చని అర్థం. అలాగని పైలట్‌కి ఆ వెలుగు దండగని అనలేను. చివరి క్షణాల్లో, చక్రాలు నేలను తాకబోయే ముందు ముక్కు కాస్త పైకెత్తాలి. అప్పుడు రన్‌వే మీది గీతలూ, టైర్ల నల్లటి మరకలూ, తారు గరుకుదనమూ ఆ వెలుగులో కనిపిస్తే, నేల ఎంత దగ్గరకొచ్చిందో కంటికి బాగా తెలుస్తుంది. పైలట్‌కి ఆ దీపం నేరుగా చేసే సాయం ఇది. విలువైనదే. కాకపోతే కొద్ది సెకన్ల సాయం.

ఇక కనబడే సంగతికి వద్దాం. ఇంతకుముందు, దూరంగా ఉన్న వెలుగు కదలదు, ఉన్నచోటే ఉంటుంది అన్నాను. ఆ మాటలోనే పెద్ద ప్రమాదం దాగి ఉంది. రెండు విమానాలు ఢీకొనే దారిలో ఉన్నాయనుకోండి. ఒక పైలట్‌కి రెండోది తన అద్దంలో ఒకే చోట నిలిచిపోయినట్టు కనిపిస్తుంది. ఎడమకూ జరగదు, కుడికీ జరగదు. మన కన్నేమో కదిలేదాన్ని ఇట్టే పసిగడుతుంది, నిలిచి ఉన్నదాన్ని పట్టించుకోదు. పైగా దూరంలో ఉన్నంతసేపూ ఆ చుక్క పెద్దదవుతున్నట్టు కూడా అనిపించదు. ఆఖరి కొన్ని సెకన్లలో మాత్రం ఒక్కసారిగా అద్దమంతా పరుచుకుంటుంది. అప్పటికి చేసేదేమీ మిగలదు. అంటే, పక్కకు జరిగిపోయే విమానం సులువుగా కనిపిస్తుంది, మనమీదికి వచ్చేది కనిపించదు. ఈ లోటు పూడ్చడానికే ల్యాండింగ్ లైటు. ముందుకు, ఒకే దిక్కుగా, సన్నని ధారగా దూసుకుపోయే వెలుగు అది. పాతతరం జెట్ విమానాల్లో ఒక్కో బల్బు 600 వాట్ల దాకా ఉండేది. ఇప్పుడు ఎల్‌ఈడీలు వస్తున్నాయి. ఆ వెలుగు ఎదురుగా ఉన్నవాడి కంట్లోనే పడుతుంది. కదలికతో కనిపించనిది ధగధగతో కనిపిస్తుంది.

అందుకే 10,000 అడుగుల కిందికి వచ్చాక ల్యాండింగ్ లైట్లు వేసి ఉంచడం ప్రపంచమంతా విమానయాన సంస్థల్లో అలవాటుగా స్థిరపడింది. అమెరికా విమానయాన శాఖ దీనికి ఆపరేషన్ లైట్స్ ఆన్ అని పేరే పెట్టింది. రాత్రే కాదు, పగలు కూడా వెయ్యమంటుంది. 10,000 అడుగులంటే సుమారు మూడు కిలోమీటర్ల ఎత్తు. దిగడానికి ఇంకా పది పన్నెండు నిమిషాలు ఉండగానే అన్నమాట. అక్కణ్ణించి రన్‌వే మీది గీతలు చూడాలని ఎవరూ అనుకోరు కదా. దీపాలు పైలట్ చూపు కోసమే అయితే ఈ అలవాటుకు అర్థమే ఉండదు.

కనబడితే చాలదు, ఏం చేస్తున్నామో కూడా తెలియాలి. ఈ ముక్క కాస్త నిదానంగా వినండి. విమానం మీద నాలుగైదు రకాల దీపాలుంటాయి. ఎడమ రెక్క కొసన ఎరుపు, కుడి రెక్క కొసన ఆకుపచ్చ, తోకకు తెలుపు. ఇవి ఓడల నుంచి వచ్చిన ఆచారం. ఏ రంగు కనిపిస్తోందన్నదాన్ని బట్టి విమానం ఎటు తిరిగి ఉందో చెప్పొచ్చు. పొట్ట కిందా వీపు మీదా మిణుకు మిణుకుమనే ఎర్రదీపం బీకన్. ఇంజన్ తిప్పబోతున్నాం, దగ్గరికి రావద్దని నేల మీది సిబ్బందికి అది హెచ్చరిక. రెక్కల కొసన తళుక్కు తళుక్కుమనే తెల్లదీపాలు స్ట్రోబ్‌లు. రన్‌వే మీదికి వస్తున్నప్పుడు వాటిని వేస్తారు. టేకాఫ్‌కి టవర్ నుంచి అనుమతి రాగానే ల్యాండింగ్ లైట్లు కూడా వేస్తారు. అమెరికా పైలట్లకిచ్చే మార్గదర్శకంలో ఈ క్రమం స్పష్టంగా ఉంది. రన్‌వే మీదికెక్కి ఎదురుచూస్తుంటే ల్యాండింగ్ లైట్లు తప్ప మిగతావన్నీ, అనుమతి వచ్చాక అవి కూడా. చూసేవాడికి దీంతో ఒక కబురు అందుతుంది. స్ట్రోబ్ వెలిగిందంటే అక్కడో విమానం రన్‌వే మీద ఉంది. ముందు దీపాలు కూడా భగ్గుమన్నాయంటే అది కదలబోతోంది. ఇందులో ఒక చిన్న మెలిక చూడండి. మన రూట్లలో ఎక్కువగా తిరిగే ఎయిర్‌బస్ 320లో స్ట్రోబ్ స్విచ్చికి మూడు స్థానాలుంటాయి. ఆఫ్, ఆటో, ఆన్. ఆటోలో పెడితే చక్రాల మీద బరువు లేనప్పుడే, అంటే గాల్లో ఉన్నప్పుడే వెలుగుతుంది. నేలకు తాకగానే ఆరిపోతుంది. హాయిగా ఉన్నట్టే అనిపిస్తుంది. కానీ రన్‌వే మీద ఆగి ఉన్న విమానంలో స్విచ్చి ఆటోలోనే ఉండిపోతే, వెనక నుంచి దిగేవాడికి స్ట్రోబ్ కనబడదు. పైలట్ చెయ్యి పైకెత్తి దాన్ని ఆన్‌లోకి తిప్పాలి. ప్రాణం నిలిపేది ఒక్కోసారి ఆ అరంగుళం కదలికే.

ఇది భయపెట్టడానికి చెబుతున్న మాట కాదు. 1991 ఫిబ్రవరి 1న లాస్ ఏంజెలెస్‌లో ఏం జరిగిందో వినండి. అప్పుడే పొద్దు గూకింది. స్కైవెస్ట్ అనే సంస్థ చిన్న ప్రొపెల్లర్ విమానం మెట్రోలైనర్ టేకాఫ్ కోసం రన్‌వే మధ్యలో, ఒక అడ్డదారి దగ్గర నిలబడి ఉంది. టవర్‌లో ఊపిరి సలపని పని. ఆ చిన్న విమానం రన్‌వే మీదే ఉందన్న సంగతి కంట్రోలర్ దృష్టిలోంచి జారిపోయింది. అదే రన్‌వే మీద దిగడానికి యూఎస్ఎయిర్ బోయింగ్ 737కి అనుమతి వెళ్లిపోయింది. ఆ పైలట్లు బాగానే చూస్తున్నారు. ముందు రన్‌వే కనిపిస్తోంది, దీపాలన్నీ కనిపిస్తున్నాయి. చిన్న విమానం మాత్రం కనిపించలేదు. ఎందుకని? అది దీపాలు లేకుండా లేదు. తోక తెల్లదీపం ఉంది, ఎర్ర బీకన్ ఉంది. కానీ స్ట్రోబ్‌లు వెలగడం లేదు. టేకాఫ్ అనుమతి వచ్చాకే వెయ్యాలన్నది అప్పటి పద్ధతి. వెనక నుంచి, పైనుంచి చూసేవాళ్లకు ఆ కాస్త వెలుగు రన్‌వే దీపాల్లో కలిసిపోయింది. ప్రమాదం తర్వాత దర్యాప్తు బృందం రాత్రిపూట అలాంటి విమానాన్నే రన్‌వే మీద నిలబెట్టి, పైనుంచి చూసి పరీక్షించింది. అది ఉందని తెలిసి వెతికినా పట్టుకోవడం కష్టమైంది. 737 నేలకు తాకి ముక్కు దించుతుండగా, తమ ల్యాండింగ్ లైట్ల వెలుగు ఎదుటి ప్రొపెల్లర్ల మీద మెరవడం కో-పైలట్ చూశారు. ఆ క్షణాన చేయగలిగింది ఏమీ లేదు. 35 మంది చనిపోయారు.

ఈ ఒక్క ప్రమాదంలో ఇందాక నేను చెప్పిన రెండు మాటలూ ఉన్నాయి. దిగే విమానం దీపం ఎదుటిదాన్ని చూపించింది, కానీ చూపించేసరికి పొద్దుపోయింది. నిలబడి ఉన్న విమానం దీపం వెలుగుతూనే ఉంది, కానీ వెనకాల దీపాల నుంచి వేరుగా కనబడలేదు. వెలుగు ఎంత అన్నది ఒక్కటే లెక్క కాదు. చుట్టూ ఉన్న వెలుగు నుంచి అది ఎంత తేడాగా ఉంది అన్నదే లెక్క. ఆగి ఆగి తళుక్కుమనే స్ట్రోబ్ ఎందుకు కావాలో ఇప్పుడు తెలుస్తోంది కదా. రన్‌వే దీపాలు నిలకడగా వెలుగుతాయి. వాటి మధ్య తళుకుమన్నది ఏదైనా సరే, కన్ను అటు తిరుగుతుంది.

మీలో కొందరికి ఈపాటికి ఒక అనుమానం వచ్చి ఉంటుంది. ఈ కాలంలో కూడా దీపాలేనా, రాడార్ లేదా, విమానాలు ఒకదాన్నొకటి పసిగట్టే యంత్రాలు లేవా అని. ఉన్నాయి. టీకాస్ అనే పరికరం దగ్గరకొస్తున్న మరో విమానాన్ని గుర్తించి పైకి వెళ్లు, కిందికి దిగు అని పైలట్‌కి గట్టిగా చెబుతుంది. దానివల్ల ఎన్నో ప్రాణాలు నిలిచాయి, కాదనను. కానీ నేలకు దాదాపు 1,000 అడుగుల దగ్గరికి వచ్చాక ఆ సలహాలు ఆపేలా దాన్ని తయారుచేశారు. అంత కింద ఉన్న విమానానికి కిందికి దిగమని చెప్పడం కన్నా ప్రమాదం ఇంకేముంటుంది? అంటే దిగే ఆఖరి నిమిషంన్నర పాటు ఆ కాపలాదారు పక్కకు తప్పుకుంటాడు. సరిగ్గా ఆ నిమిషంన్నరలోనే లాస్ ఏంజెలెస్ లాంటివి జరుగుతాయి. పెద్ద విమానాశ్రయాల్లో నేల మీది కదలికలు చూసే రాడార్ ఉంటుంది, చిన్నవాటిలో ఉండదు. శిక్షణ విమానాలు తిరిగే చిన్న ఎయిర్‌స్ట్రిప్‌లలో అయితే ఇప్పటికీ కన్నే దిక్కు. యంత్రాలు వచ్చాక దీపం అక్కర్లేదనడం కన్నా, యంత్రాలు చేతులెత్తేసే చోటే దీపం ఎక్కువ అవసరం అనడం సబబు.

రెండో అనుమానం ఇంకా ఆసక్తికరమైనది. పట్టపగలు ఆ వెలుగు ఎవరికి కనిపిస్తుంది? ఎండలో దీపం ఎందుకు? దీనికి తోడుగా చరిత్రలో ఒక చిత్రమైన ప్రయోగం కూడా ఉంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో, 1943 నుంచి, అమెరికా నావికాదళం విమానాల ముందు భాగాన దీపాలు పెట్టి, వాటిని కనబడకుండా చేయడానికి ప్రయత్నించింది. మీరు సరిగానే విన్నారు, దీపాలు పెట్టి కనబడకుండా. ఆ ప్రయోగం పేరు యెహూదీ. ఆలోచన తేలికైనదే. వెలుతురున్న ఆకాశం ముందు విమానం నల్లటి మచ్చలా కనిపిస్తుంది. ఆ మచ్చను సరిగ్గా ఆకాశమంత వెలుగుతో నింపేస్తే కంటికి దొరకదు. అవెంజర్ అనే విమానం మీద పరీక్షిస్తే, మామూలుగా 12 మైళ్ల దూరం నుంచే కనబడేది మూడు వేల గజాల దగ్గరికి వచ్చేదాకా కనబడలేదు. అయితే పగటిపూట దీపం విమానాన్ని దాచేస్తుందనుకోవాలా? ఆ ప్రయోగం గుట్టంతా లెక్కలో ఉంది. ఆకాశమంతే వెలుగు, ఎక్కువా కాదు, తక్కువా కాదు. తూకం కుదిరితేనే మాయమవుతుంది. ల్యాండింగ్ లైటు దానికి తలకిందులు. ఆకాశం కన్నా ఎన్నో రెట్లు తీక్షణంగా, ఒకే బిందువు నుంచి సూటిగా వస్తుంది. దానికి తూకమే లేదు. అందుకే ఎర్రటి ఎండలో కూడా దిగే విమానం ఒంటికన్నా ముందు దాని దీపమే కనిపిస్తుంది. పగటిపూట దీపం పనిచేయదనడానికి తెచ్చే సాక్ష్యమే, విడ్డూరంగా, వెలుగులో తేడాయే ముఖ్యమన్న మాటకు బలం చేకూరుస్తోంది.

కనబడడమంటే మనుషులకే అనుకోకండి. పక్షులు కూడా ఉన్నాయి. విమానాశ్రయాల చుట్టూ గద్దలు, కొంగలు, పావురాలు తిరగడం మనకు కొత్తేం కాదు. అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు కెనడా బాతుల మీద ఒక ప్రయోగం చేశారు. రిమోట్‌తో నడిచే చిన్న విమానాన్ని వాటి వైపు పంపారు, ఒకసారి దీపాలతో, ఒకసారి దీపాలు లేకుండా. దీపాలున్నప్పుడు బాతులు ముందుగా తలలెత్తి అప్రమత్తమయ్యాయి. అన్ని జాతుల పక్షులూ ఇలాగే స్పందిస్తాయని చెప్పలేం, రంగును బట్టి, మిణుకును బట్టి తేడాలుంటాయి. కానీ పక్షి దగ్గర రేడియో లేదు, టీకాస్ లేదు. దానికి అర్థమయ్యే కబురు వెలుగొక్కటే.

ఇప్పుడు 2017 జులై 7 రాత్రికి, శాన్ ఫ్రాన్సిస్కోకి వెళ్దాం. ఎయిర్ కెనడా విమానం ఒకటి, 140 మందితో, దిగడానికి వస్తోంది. రెండు రన్‌వేలు పక్కపక్కనే ఉంటాయక్కడ. ఆ రాత్రి ఎడమ రన్‌వే మూసేశారు, దాని దీపాలు ఆర్పేశారు. పైలట్ల మనసులో మాత్రం రెండు రన్‌వేలున్నాయి. కనిపించిన రెండు దీపాల దారుల్లో ఎడమది ఎడమ రన్‌వే అనుకున్నారు. నిజానికి అదే వాళ్లు దిగాల్సిన కుడి రన్‌వే. దాంతో వాళ్లు ఇంకా కుడికి జరిగి, టేకాఫ్ కోసం నాలుగు విమానాలు బారులు తీరి ఉన్న ట్యాక్సీవే, అంటే రన్‌వేకి చేర్చే పక్కదారి మీదికి సూటిగా దిగసాగారు. ఆ దారిలో దీపాలేవో ఉన్నట్టు కనబడి, అనుమానమొచ్చి టవర్‌ని అడిగారు కూడా. రన్‌వే మీద మీరు తప్ప ఎవరూ లేరని జవాబు వచ్చింది. కంట్రోలర్ చెప్పింది అబద్ధం కాదు, వాళ్లు రన్‌వే మీదికి రావడం లేదంతే. కింద వరసలో ముందున్న యునైటెడ్ విమానం పైలట్ రేడియోలో కేక వేశాడు, ఇతను ఎక్కడికి వస్తున్నాడని. దాని వెనకున్న ఫిలిప్పీన్ ఎయిర్‌లైన్స్ సిబ్బంది తమ ల్యాండింగ్ లైట్లు భగ్గున వేశారు. దాదాపు అదే సమయంలో ఎయిర్ కెనడా పైలట్లు పైకి లేవడం మొదలుపెట్టారు. సుమారు 60 అడుగుల దాకా దిగి, విమానాల వీపుల మీదుగా దాటిపోయారు. నేల మీది నాలుగు విమానాలూ కలిపితే వెయ్యి మందికి పైగానే ఉన్నారని దర్యాప్తులో తేలింది.

దీపం ఉంటే కాపాడుతుంది, లేకపోతే లేదు అని ఈ సంఘటనను బట్టి తేల్చేయడం అన్యాయం. దీపాలు కనిపించాయి, కానీ మనసు వాటిని రన్‌వే దీపాలుగా చదువుకుంది. అందుకే ఎక్కడ ఏ దీపం వెలగాలన్న నియమాలు అంత కచ్చితంగా ఉంటాయి. రన్‌వే అంచులు తెలుపు, ట్యాక్సీవే అంచులు నీలం, ట్యాక్సీవే నడిమధ్య ఆకుపచ్చ. మన దేశ విమానయాన నియమాల్లో కూడా విమానాశ్రయం చుట్టుపక్కల పైలట్‌ని పొరపాటు పడేలా చేసే దీపాలు పెట్టకూడదని ఉంది. పెళ్లి ఊరేగింపుల్లో ఆకాశంలోకి తిప్పే లేజర్ లైట్లు ఈ లెక్కలోకే వస్తాయి. మండపం వాళ్లకు అది ముచ్చట. దిగుతున్న పైలట్‌కి అది కళ్లలో కారం.

వెలుగు చేసే కీడు గురించి చెప్పకపోతే నా వాదన ఒంటెద్దు పోకడ అవుతుంది. ఉంది. పొగమంచులోనో, మబ్బులోనో ల్యాండింగ్ లైటు వేస్తే ఆ వెలుగు నీటి తుంపరలకు తగిలి వెనక్కి తిరిగి పైలట్ కళ్లలోనే పడుతుంది. ముందు తెల్లటి గోడ కట్టినట్టుంటుంది. స్ట్రోబ్ తళుకులు మబ్బులో పడితే తల తిరిగినట్టు, విమానం వంగినట్టు అనిపిస్తుంది. డిసెంబరు, జనవరి నెలల్లో ఢిల్లీలో దిగే పైలట్లకు ఇది మామూలే. అలాంటప్పుడు పైలట్ వాటిని ఆర్పేయొచ్చు. నేల మీద ఎదురుగా మరో విమానం వస్తుంటే, ఆ పైలట్ చూపు పోకుండా, నేల మీద నడిచేటప్పుడు వేసే ట్యాక్సీ లైటు ఆర్పడం మర్యాద కూడా. కాబట్టి అన్ని దీపాలూ ఎప్పుడూ వెలగాలని నేననడం లేదు. పొగమంచులో ఆర్పేసినా విమానం దిగగలదు, ఎందుకంటే పైలట్‌కి దారి చూపే బాధ్యత నేల దీపాలది, పరికరాలది. ఆర్పడంలో అసలు నష్టం ఏమిటంటే ఇతరులకు కనబడడం తగ్గుతుంది. దట్టమైన పొగమంచులో కన్ను ఎలాగూ పనిచేయదు కాబట్టి, అక్కడ విమానాల మధ్య ఎడం పెంచి, కంట్రోలర్లు ఆ లోటు భర్తీ చేస్తారు.

చివరగా ఈమధ్య జరిగినదే ఇంకొకటి. 2024 జనవరి 2, టోక్యో హనేడా విమానాశ్రయం. సాయంత్రం చీకటి పడింది. జపాన్ ఎయిర్‌లైన్స్ ఎయిర్‌బస్ 350 దిగుతోంది. భూకంప బాధితులకు సరుకులు తీసుకెళ్లాల్సిన తీరరక్షక దళం విమానం అదే రన్‌వే మీదికి వచ్చి సుమారు 40 సెకన్లు నిలబడింది. దిగే పైలట్లకు అది ఆఖరి క్షణం దాకా కంటపడలేదు. పెద్ద విమానంలోని 379 మందీ మంటల్లోంచి బయటపడ్డారు, అది సిబ్బంది గొప్పతనం. చిన్న విమానంలోని ఆరుగురిలో ఐదుగురు చనిపోయారు. అప్పటికి లాస్ ఏంజెలెస్ ప్రమాదం జరిగి 33 ఏళ్లయింది, దీపాలు మెరుగుపడ్డాయి, పద్ధతులు మారాయి. అయినా వెనక నుంచి చూసే కంటికి, రన్‌వే దీపాల మధ్య నిలబడ్డ చిన్న విమానాన్ని వేరుచేయడం ఇంకా అంతే కష్టం. విమానం మీది దీపానికి ఉన్న హద్దు ఇది.

అందుకే కొందరు ఇంజనీర్లు ఈ కనబడే బాధ్యతలో కొంత రన్‌వేకే అప్పగించారు. లాస్ ఏంజెలెస్‌తో సహా అమెరికాలోని కొన్ని పెద్ద విమానాశ్రయాల్లో రన్‌వే లోపలే ఎర్రదీపాలు పొదిగారు. నేల మీది రాడార్ గమనించి, రన్‌వే ఖాళీగా లేదంటే, కంట్రోలర్ చెప్పకపోయినా అవి వాటంతట అవే వెలుగుతాయి. అవి నేల మీద కదిలే విమానాల కోసం. దిగుతున్నవాళ్ల కోసం డల్లాస్ ఫోర్ట్‌వర్త్‌లో ఇంకో పద్ధతి పరీక్షించారు. ఇందాక చెప్పిన పాపీ దీపాలే, ఆ తెలుపూ ఎరుపూ వరస, రన్‌వే మీద ఎవరైనా ఉంటే ఆరుతూ వెలుగుతూ ఉండేలా చేశారు. దిగేవాడి చూపు ఎలాగూ వాటి మీదే ఉంటుంది కాబట్టి, కొత్తగా ఇంకోచోట వెతకాల్సిన పని లేదు. ముందున్న విమానం దీపం కనబడకపోయినా, పాపీ మిణుకుమంటే చాలు, పైలట్ థ్రాటిల్ ముందుకు తోసి మళ్లీ పైకి లేవగలడు.